పాత ఫియట్‌ను బాగు చేయించాలా? ఒక్క బోల్టు విప్పకముందే తేల్చుకోండి

మిర్యాలగూడ రైస్ మిల్లుల వెనక, గద్వాల పాత ఇళ్ళ కొట్టాల్లో, దేవరకొండ దారిలో ఏ వేపచెట్టు కిందనో ఆ ఫియట్లు ఇంకా కనిపిస్తుంటాయి. టైర్లు నేలకు అతుక్కుపోయి ఉంటాయి. అద్దం మీది దుమ్ములో పిల్లలు వేలితో పేర్లు రాసి ఉంటారు. బుక్ చేసి, ఏళ్ళ తరబడి ఎదురు చూసి ఇంటికి తెచ్చుకున్న బండ్లవి. మద్రాసు దగ్గర షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద కార్ల రేసులు జరిగిన కాలంలో అక్కడ ఉరికిన వాటిలో ఈ ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డులు కూడా ఉండేవి. మా ఈడు వాళ్ళకు స్పోర్ట్స్ కారు అన్న మాట వింటే ముందు కళ్ళ ముందుకొచ్చేది రెండు డోర్ల హెరాల్డే.

అలాంటి బండి మీ ఇంట్లోనే ఉందనుకోండి, లేదా తెలిసినవాళ్ళు ఎవరో "తీసుకుపో అన్నా, ఇక్కడ జాగాకు అడ్డం" అన్నారనుకోండి. మనసు ఊరుకోదు. వెంటనే మెకానిక్‌కు ఫోన్ చేస్తాం. దయచేసి ఆ ఫోన్ ఇప్పుడే చేయకండి.

ఎందుకంటే నేను చేశాను. చాలా ఏళ్ళ కింద ఒక హెరాల్డ్‌ను కొని నేరుగా షెడ్డుకు తోలించాను. వారం తిరగకముందే బానెట్, డోర్లు, సీట్లు, వైరింగ్ అన్నీ విప్పేశారు. నాకు పండుగలా అనిపించింది. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. చాసిస్‌కు, అంటే బండి బరువు మోసే కింది ఇనుప చట్రానికి, రెండు పక్కల ఉండే చేతులు జంగు తిని డొల్లయిపోయాయి. ఆర్‌సీ నాకు అమ్మినాయన పేరు మీద లేదు, ఆయనకు అమ్మిన మనిషి పేరు మీద ఉంది. ఆ మనిషి చనిపోయాడు, పిల్లలు ముగ్గురూ మూడు ఊళ్ళలో ఉన్నారు. బండి సామాను రెండేళ్ళు గోనె సంచుల్లో మూలుగుతూ ఉండిపోయింది. ఏ స్క్రూ దేనిదో చెప్పగలిగిన పిల్లవాడు పని మానేసి వెళ్ళిపోయాడు. చివరికి దాన్ని కిలోల లెక్కన అమ్మాల్సి వచ్చింది. కొట్టంలో పడి ఉన్నన్నాళ్ళు అది కారే. విప్పి మధ్యలో వదిలేసినందుకే ఇనుమైంది.

అందుకే ఈ పనికి నేను పెట్టుకున్న వరుస ఇది. ముందు ఉద్దేశం, తర్వాత కాగితాలు, ఆ తర్వాత బాడీ, అన్నిటికంటే చివర ఇంజన్. మనవాళ్ళు ఎక్కువమంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

మొదట ఒక కాగితం మీద ఒక్క వాక్యం రాయండి

"ఈ బండి బాగైతే నేను దీన్ని ...కు వాడతాను." ఖాళీ నింపండి. ఆదివారం పొద్దున సాగర్ దాకా పోయి రావడానికా? బిడ్డ పెళ్ళిలో అప్పగింతల బండిగానా? నాయిన జ్ఞాపకంగా ఇంటి ముందు పెట్టుకోవడానికా? రోజూ ఆఫీసుకా? ఒక్కో జవాబుకు ఖర్చు మారుతుంది, కావాల్సిన కాగితం కూడా మారుతుంది.

అమ్మితే లాభం వస్తుందని రాస్తే మాత్రం ఇక్కడితో ఆగిపొండి. మనం ఫియట్ అనే పిలిచే మామూలు ప్రీమియర్ పద్మినిని పూర్తిగా బాగు చేయించడానికి పెట్టిన డబ్బు అమ్మకంలో తిరిగి రావడం అరుదు. రోజూ తిప్పాలని రాసినా ఒకసారి ఆలోచించండి. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, ఇంజన్ 1089 సీసీ, గేర్ స్టీరింగ్ పక్కన. నార్కట్‌పల్లి దాటాక హైవే మీద ముందు బస్సు సడన్‌గా ఆగితే ఈ బండి ఇవాళ్టి బండి ఆగినంత దూరంలో ఆగదు.

కాగితాలు: ఇక్కడే సగం కేసులు తేలిపోతాయి

ఆర్‌సీ వెతికి తీయండి. బండి మీద చాసిస్ నంబర్ ఉన్న చోట గుడ్డతో తుడిచి, తెల్ల కాగితం అదిమి పెట్టి, పెన్సిల్‌ను పక్కకు వంచి రుద్దండి. అంకెలు ఒక్కొక్కటే తేలి వస్తాయి. ఆర్టీఏ వాళ్ళు అడిగే పెన్సిల్ ప్రింట్ ఇదే. ఇంజన్ నంబర్‌కు కూడా ఇలాగే తీసి, రెండింటినీ ఆర్‌సీతో అంకె అంకె పోల్చండి. మన వైపు చాలా ఫియట్లకు పెట్రోల్ ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ ఎక్కించారు. ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కకపోతే అదొక చిక్కు.

బండి నాయిన పేరు మీదో తాత పేరు మీదో ఉంటే, వారసుల పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. దానితో మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల ఒప్పుదల కావాలి. ఒక మాట గట్టిగా చెప్తాను. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ సంతకాలు రూపాయి ఖర్చు పెట్టకముందే తీసుకోండి. జంగు పట్టి ఉన్నప్పుడు "నువ్వే తీసుకో తమ్మీ" అన్నవాళ్ళకు, రంగు వేసి వాకిట్లో నిలబెట్టాక నాయిన గుర్తొస్తాడు. అందులో వాళ్ళ తప్పేం లేదు, ఆ బండిలో అందరి చిన్నతనం ఉంది. అందుకే ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

తర్వాత ఫీజు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు అయిపోతుంది, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి ఫారం 25 పెట్టి రెన్యువల్ చేయించాలి. 2025 ఆగస్టులో వచ్చిన సవరణ ప్రకారం 20 ఏళ్ళు దాటిన కారుకు ఈ ఫీజు 10,000 రూపాయలు. ఆలస్యానికి నెలకు 500 చొప్పున అదనం, అంటే ఏడాదికి 6,000. గ్రీన్ ట్యాక్స్ వేరే. మీ బండి ఎన్నేళ్ళుగా రెన్యువల్ లేకుండా ఉందో దాన్ని బట్టి మొత్తం ఎంతవుతుందో నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఆర్టీఏ కౌంటర్‌లో అడిగి, కాగితం మీద రాయించుకోండి. రెన్యువల్‌కు బండిని తనిఖీకి చూపించాలి కాబట్టి ఇది రిపేరు అయ్యాక చేసే పని. కానీ లెక్క మాత్రం ముందే చేతిలో ఉండాలి.

బండికి 50 ఏళ్ళు దాటితే ఇంకో దారి ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకు అది వర్తిస్తుంది. కొత్తగా నమోదుకు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. పద్మిని అన్న పేరుతో బండ్లు రావడం 1974లో మొదలైంది కాబట్టి తొలినాటివి ఇప్పుడు ఈ వయసుకు చేరాయి. అయితే వింటేజ్ బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోల్ పోయించుకోవడానికి, రిపేరుకు మాత్రమే రోడ్డెక్కించాలి. సాగర్ షికారు, పెళ్ళి ఊరేగింపు మీ కాగితం మీద ఉంటే మామూలు రెన్యువల్ దారే మీది.

ఆర్‌సీ అసలు లేదు, పేరున్న మనిషి జాడ లేదు, చాసిస్ నంబర్ కలవలేదు అంటే, బండి ఎంత ముద్దొచ్చినా వదిలేయండి. ఇందులో నేను రాజీపడను.

బాడీ: దీనికి ఒక పూట మొత్తం ఇవ్వండి

ఫియట్‌కు వేరే చాసిస్ ఉండదు. బాడీయే చాసిస్. నేల రేకు, డోర్ల కింద పొడుగ్గా ఉండే పెట్టెలాంటి భాగం, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. కాబట్టి జంగు అందం సమస్య కాదు, బలం సమస్య. హెరాల్డ్‌కు కింద చాసిస్ వేరుగా ఉంటుంది, పైన బాడీని బోల్టులతో బిగిస్తారు. చాసిస్ గట్టిగా ఉంటే అది బాగుచేయడానికి సులువైన బండి, లేకపోతే నా కథే.

మనకు ఒక అదృష్టం ఉంది. సముద్రపు గాలి లేదు, వానలు తక్కువ. వైజాగ్‌లో పడి ఉన్న బండికీ నాగర్‌కర్నూల్‌లో పడి ఉన్న బండికీ జంగులో చాలా తేడా ఉంటుంది. కానీ బండి ముందు ఎక్కడ తిరిగిందో అడగండి. బొంబాయి నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన బండయితే సముద్రపు ఉప్పును వెంట తెచ్చుకుని ఉంటుంది.

మూడు సామాన్లు పట్టుకోండి. చిన్న అయస్కాంతం, పలచని గుడ్డ, పాత స్క్రూడ్రైవర్. అయస్కాంతానికి గుడ్డ చుట్టి రేకు మీద మెల్లగా జరపండి. మంచి రేకు మీద అది టక్కున పట్టుకుంటుంది. సొట్టలు, చిల్లులు పూడ్చే లప్పం మందంగా పెట్టిన చోట జారిపోతుంది. డోర్ల కింది అంచులు, చక్రాల పైన వంపులు, హెడ్‌లైట్ల చుట్టూ, డిక్కీ మూల, ఈ నాలుగు చోట్లా ఓపిగ్గా చూడండి. జారిన ప్రతి చోటా సుద్దముక్కతో గీత పెట్టండి. పూర్తయ్యాక పది అడుగులు వెనక్కి వచ్చి చూస్తే, రంగు కింద బండి అసలు పరిస్థితి ఎలా ఉందో ఆ గీతలే చూపిస్తాయి.

ఇప్పుడు లోపల. కాళ్ళ దగ్గర మ్యాట్ ఎత్తండి. కింద ఉన్న తారు షీట్ ఉబ్బి ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చండి. టంగుమంటే సంతోషం. కరకరమని దిగబడి కింద మట్టి కనిపిస్తే ఆ చోట కొత్త రేకు వేయాలి. స్టెప్నీ గుంటలో, బ్యాటరీ కింది పళ్ళెంలో, ముందు అద్దం రబ్బరు కింద కూడా ఇదే పని. నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో అక్కడే జంగు మొదలవుతుంది.

చివరిగా జాకీ పరీక్ష. బండి నేల మీద ఉండగా నాలుగు డోర్లూ తెరిచి మూయండి. ఎలా పడుతున్నాయో చెవితో వినండి. తర్వాత ఒక పక్క జాకీ పెట్టి చక్రం లేచేదాకా ఎత్తి, ఆ పక్క డోరు మళ్ళీ మూసి చూడండి. ముందు సాఫీగా పడిన డోరు ఇప్పుడు రాసుకుంటే, సందు మారితే, డోర్ల కింది పెట్టె భాగం బలం పోయిందని అర్థం. జాకీ పెట్టిన చోటే రేకు లోపలికి నలిగితే ఇక చెప్పేదేం లేదు. బండి జాకీ మీద ఉన్నప్పుడు కిందికి మాత్రం దూరకండి.

ఒకటి రెండు చోట్ల నేల రేకు పోతే భయపడొద్దు, మంచి వెల్డర్ ఉంటే అయిపోతుంది. రెండు పక్కలా పెట్టె భాగాలు, నేల, వెనక కమాన్ పట్టీలు బిగించే చోటు, ఈ మూడూ పోతే ఆ బండిని పూర్తిగా బాగుచేయడం కుటుంబం మోయగలిగే పని కాదని నా అభిప్రాయం.

ఇంజన్ గురించి ఇంత టెన్షన్ అక్కర్లేదు

చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, ఈ ఇంజన్ ఇరవై ఏళ్ళు నిద్రపోయినా లేస్తుంది. సెల్ఫ్ కొట్టడమొక్కటే చేయొద్దు. ఎండిపోయిన సిలిండర్‌లో రింగులు బలవంతంగా కదిలితే గోడలు గీసుకుపోతాయి. నాలుగు ప్లగ్గులూ తీసి ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోయండి. రెండు మూడు రోజులు వదిలేయండి. తర్వాత ప్లగ్గులు పెట్టకుండానే టాప్ గేరులో వేసి, ఇద్దరు పట్టి బండిని ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపండి. ఫ్యాన్ తిరిగితే ఇంజన్ పట్టేయలేదన్నట్టే. ప్లగ్గులు తీయడం విప్పడం కిందికి రాదు, ఈ ఒక్కదానికీ మినహాయింపు.

ఆయిల్ పుల్ల తీసి చూడండి. నల్లగా ఉంటే మామూలే. మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయి, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ పోయిందో, దాని కింది గ్యాస్కెట్ పోయిందో చూడాలి. ఈ ఇంజన్‌కు హెడ్ అల్యూమినియంది. మన నల్లగొండ బోరు నీళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. కుండలో తెల్లటి పొర కట్టే ఆ నీళ్ళే రేడియేటర్‌లోనూ పోశారు. లోపల సున్నం పేరుకుని, బండి వేడెక్కి, హెడ్ వంగిపోవడం మా వైపు చాలాసార్లు చూశాను. రేడియేటర్ మూత తీసి, టార్చి వేసి గొట్టాల నోళ్ళు చూడండి. తెల్లగా మూసుకుపోయి ఉంటే రేడియేటర్ పనీ హెడ్ పనీ కలిపి లెక్కలో వేసుకోండి.

రీబోరు, రింగులు, లేత్ పని మన దగ్గరే అవుతాయి. గేర్ బాక్స్, క్లచ్ కూడా అంతే. పెట్రోల్ లైను మాత్రం మొత్తం కొత్తది వేయాల్సిందే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు పైపులను, పెట్రోల్ పంపు పొరను అది మెత్తబరుస్తుంది. పైగా తేమను పీల్చుకుంటుంది, ట్యాంకులో జంగు పెరుగుతుంది. ఇథనాల్ తట్టుకునే పైపులు అడిగి తీసుకోండి. వైరింగ్‌ను ఎలుకలు కొరికి ఉంటే అతుకులు వేయించకండి, మొత్తం మార్పించండి.

దొరికేవి, దొరకనివి

మెకానికల్ సామాను దొరుకుతుంది. హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణిగంజ్ తిరగండి, పాత భాగం చేతిలో పట్టుకుని వెళ్ళండి, ఫోటో చాలదు. బొంబాయిలో వేలాది పద్మిని టాక్సీలు తిరిగినన్నాళ్ళు ఈ సామానుకు కరువు లేదు. అక్కడ ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. ఇక ముందు సులువవుతుందని అనుకోకండి.

అసలు కష్టం చిన్న వాటితోనే. గ్రిల్, క్రోమ్ పట్టీలు, లైటు గ్లాసులు, డోర్ హ్యాండిళ్ళు, మీటర్ బోర్డు, అద్దాల రబ్బర్లు. ఇంజన్ నెలలో వస్తుంది, వెనక లైటు గ్లాసు కోసం ఏడాది తిరగొచ్చు. అందుకే బండి చుట్టూ తిరిగి లేనివన్నీ రాసుకోండి. ఆ జాబితా ఒక పేజీ దాటితే సొంత సామాను పూర్తిగా ఉన్న ఇంకో బండిని వెతుక్కోవడమే మేలు.

మనిషి, డబ్బు, జాగా

మెకానిక్‌ను "చేయగలవా?" అని అడగకండి, ఎవరైనా చేయగలననే అంటారు. "నువ్వు మొదటినుంచి చివరిదాకా చేసిన బండి ఒకటి చూపించు" అనండి. చూపిస్తే ఆ బండి ఓనర్‌తో ఒంటరిగా మాట్లాడండి, ఎన్ని నెలలు అనుకుంటే ఎన్ని నెలలైందో అడగండి. డెంటింగ్ చేసే మనిషి పని లప్పం పెట్టకముందే చూడాలని ముందే మాట తీసుకోండి. ఒక పెయింటర్ మా నాయిన బండి డిక్కీ అంచు రేకు మార్చానని చెప్పి, చిల్లుల మీదే లప్పం పూసి రంగు కొట్టాడు. రెండో వానాకాలానికి అక్కడ రంగు పొక్కి, చేత్తో అంటుకుంటే ఊడి వచ్చింది. అప్పటినుంచి వట్టి రేకు మీద ఫోటో తీశాకే తర్వాతి విడత డబ్బులిస్తున్నాను.

బాడీ, ఇంజన్, కింది భాగం, వైరింగ్, సీట్లు, రంగు, ఒక్కోదానికి విడిగా ఎస్టిమేట్ రాయించి మొత్తం కట్టండి. దానికి సగం కలపండి. ఆ మొత్తం అప్పు లేకుండా, పిల్లల ఫీజుల జోలికి పోకుండా రెండేళ్ళలో పెట్టగలరా అన్నదే ప్రశ్న. ఇంకో ప్రశ్న, బండి బాగై వచ్చాక దాన్ని ఎక్కడ పెడతారు? కప్పు లేని వాకిట్లో అయితే మన ఎండకు కొత్త రబ్బర్లు, డాష్‌బోర్డు ఎంతో కాలం ఆగవు. షెడ్డు రేకుల ఖర్చు కూడా బండి ఖర్చే.

ఇక తేల్చండి

కాగితాలు సరిగా ఉండి, బాడీ బలం ఉండి, లేని సామాను కొద్దిగానే ఉండి, డబ్బు లెక్క కుదిరితే పూర్తిగా బాగు చేయించండి, సంకోచం వద్దు. విప్పే ప్రతి భాగానికీ ముందు ఫోటో, విప్పాక డబ్బాకు పేరు చీటీ.

కాగితాలు, బాడీ సరిగా ఉండి డబ్బు సరిపోకపోతే మధ్య దారి ఉంది, నాకు ఎక్కువ ఇష్టమైనది కూడా అదే. రంగు జోలికి పోకుండా బండి నడిచేలా, ఆగేలా చేయడం. ముందు బ్రేకులు, తర్వాత పెట్రోల్ లైను, టైర్లు, వైరింగ్, రేడియేటర్. మా నాయిన ఫియట్‌ను చివరికి అలాగే ఉంచాను. డ్రైవర్ పక్క డోరు మీద ఆయన మోచెయ్యి ఆనించి ఆనించి రంగు అరిగి, కింది ఎర్ర ప్రైమర్ అరచేతంత కనిపిస్తుంది. కొత్త రంగు వేయిస్తే అది పోతుంది.

బాడీ పోయి కాగితాలు మాత్రం ఉంటే, అదే మోడల్ బాగు చేసుకుంటున్న మనిషికి సామాను కోసం ఇచ్చేయండి. తుక్కుకే వేయాల్సి వస్తే ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి, ఆర్‌సీ రద్దు చేయించుకోండి. కబాడీకి తోసేసి చేతులు దులుపుకుంటే కాగితం మీద అది ఇంకా మీ బండే.

ఏదీ తేలకపోతే ఆరు నెలలు ఆగండి, కానీ బండిని అలాగే వదలకండి. సీట్లలోంచి ఎలుక గూళ్ళు తీసేయండి. పాత పెట్రోల్ దింపేయండి, బ్యాటరీ విప్పి పక్కన పెట్టండి. టైర్లు నేలకు ఆనకుండా నాలుగు పక్కలా గట్టి దిమ్మెల మీద నిలబెట్టండి. ప్లగ్గు రంధ్రాల్లో ఆయిల్ పోసి ప్లగ్గులు మళ్ళీ బిగించండి. అద్దాలు వేలెడు సందు వదిలి, ఆ సందుకు జాలీ కట్టండి. పైన ప్లాస్టిక్ పట్టా కాకుండా నూలు గుడ్డ కప్పండి, పట్టా కింద చెమ్మ నిలిచి జంగు పెరుగుతుంది. ఆయిల్ పోసిన తేదీ ఒక అట్టముక్క మీద రాసి స్టీరింగ్‌కు వేలాడదీయండి. నెలకోసారి వెళ్ళి ఫ్యాన్‌ను చేత్తో అరచుట్టు తిప్పి, కింద తేదీ వేయండి.